రెండు ముక్కలైన తాతలనాటి సానరాయి: అతికించి మూడేళ్లు వాడాక

ఎనిమిది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పున్న సహజ సానరాయి. అడ్డంగా విరిగింది, నడుమ గుంట పడింది, ఒక మూల పెచ్చు లేచిపోయింది. బొబ్బిలిలో పనస చెక్క చెక్కే ఉలులకు మూడేళ్లుగా ఈ అతికిన రాయే సాన. అతుకు కదల్లేదు, పదును మునుపటిలాగే వస్తోంది. అయితే ఇది రెండో అతుకు. మొదటిది నాలుగు నెలలకే ఊడింది. తప్పు జిగురుది కాదు, రాయి లోపల మిగిలిన నూనెది.

విరిగిన ముఖం మీద నీటిచుక్క వేసి చూడండి. పూసలా నిలబడిందంటే నూనె ఉన్నట్టే, ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి జిగురు) అక్కడ పట్టదు. ముక్కల్ని రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, రంగు మారగానే మార్చాలి. కిరోసిన్ దొరక్కపోతే పెయింట్ల కొట్లో టర్పెంటైన్ దొరుకుతుంది. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. తొందరపడి ఉడకబెట్టకండి, పొయ్యి దగ్గర పెట్టకండి. కనబడని బీటలు తెరుచుకుంటాయి. నీడలో వారం ఆరాలి, వానాకాలమైతే రెండు వారాలు. రాత్రి న్యూస్‌పేపర్ మీద ఉంచితే తెల్లారేసరికి మరక కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ కిరోసిన్‌లోకే.

విరిగిన ముఖాల్ని అరగదీయొద్దు. ఆ గరుకే ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటుంది. అరాల్డైట్ ఎపాక్సీలో ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, తడికి అంతగా ఆగదు. మామూలు రకమే తీసుకుని రెండు ట్యూబులూ సమపాళ్లలో రంగు ఒకటయ్యేదాకా కలపాలి. పలచగా ఒక ముఖానికే రాసి, పైఅంచుకు 2 మిల్లీమీటర్ల దిగువన ఆపేయాలి. నొక్కినప్పుడు అదే పైకొస్తుంది. పైదాకా రాస్తే రాయి ముఖమంతా జిగురు పులుముకుంటుంది, అక్కడ ఉలి జారుతుంది తప్ప అరగదు. సమంగా ఉన్న గ్రానైట్ ముక్క మీద పాలిథిన్ పరిచి, సాన ముఖం కిందికి ఉండేలా రెండు ముక్కలూ కలిపి, పొడవునా సైకిల్ ట్యూబు చుట్టాలి. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకులో ఏమీ మిగలదు. 24 గంటలు ముట్టుకోవద్దు.

గుంట తీయడం అతికాకే. ముందే తీస్తే అతుకు దగ్గర మెట్టు మిగులుతుంది. పాలిష్ గ్రానైట్ ముక్క అడుగు పొడవుది చాలు, టెక్కలి వైపు గ్రానైట్ పని చేసేచోట తుక్కులో దొరుకుతుంది. స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు పెట్టి చూసి, స్కేలు కింద వెలుతురు కనబడనిది ఎంచుకోండి. దాని మీద వాటర్ పేపర్ (తడిగా రుద్దే గరుకు కాగితం) వేసి రుద్దవచ్చు కానీ, 80 నంబరు పేపర్ రాయి మీద నిమిషాల్లో నున్నబడిపోతుంది. లోతు గుంటకు సిలికాన్ కార్బైడ్ పొడే మేలు: పాత మందపాటి అద్దం మీద చెంచాడు పొడి, కాసిన్ని నీళ్లు, ఎనిమిది అంకె తిప్పుతూ రుద్దడం. రాయి మీద పెన్సిల్ గళ్లు గీసుకుంటే నడుమ గీతలు చెరిగినప్పుడే గుంట పోయినట్టు. 80, 120, 220 వరసలో వెళ్లాలి, నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం. నంబరు మార్చేటప్పుడు రాయి, అద్దం, చేతులు అన్నీ కడగాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా 220 పని వృథా. ఎప్పుడూ తడిగానే రుద్దండి, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

మూల పెచ్చుకు జిగురులో రాతిపొడి కలిపి నింపితే చూడ్డానికి బాగుంటుంది, పనికిరాదు. అంచులన్నీ కొద్దిగా ఏటవాలుగా రుద్ది వదిలేయడమే నయం.

ఇప్పుడు వాడేది కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, నువ్వులనూనె ఆరి జిగటై రంధ్రాలు మూసేస్తుంది. వెడల్పు ఉలులకు అతుకు తెలియనే తెలియదు. పావంగుళంలోపు సన్న ఉలి మాత్రం ఆ గీతలో చిన్నగా తగులుతుంది, వాటిని ఒక పక్క ముక్క మీదే నూరుకోవాలి.