లైన్ ఫాలోయర్ రోబో కిట్: కొనండి, బ్యాటరీ మాత్రం మార్చండి

హైస్కూలు సైన్స్ ఫెయిర్ నుంచి బీటెక్ మినీ ప్రాజెక్టు దాకా విద్యార్థులు ఇష్టంగా ఎంచుకునే వాటిలో లైన్ ఫాలోయర్ ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. తెల్ల చార్టు మీద నల్ల టేపు అతికిస్తే ఆ దారి పట్టుకుని తనంతట తాను పోయే చిన్న బండి అది. దాని విడిభాగాలన్నీ ఒక పెట్టెలో సర్ది, పెద్దగా బ్రాండు పేరేమీ లేకుండా అమ్మే కిట్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ఈ సమీక్ష ఆ తరహా కిట్ గురించి. కొనదగ్గ వస్తువే. పెట్టెలో వచ్చే 9 వోల్టుల బ్యాటరీతో మాత్రం దాన్ని నడపొద్దు.

సాధారణంగా ఇందులో ఆర్డుయినో ఊనో అనే ప్రోగ్రామ్ చేయగల చిన్న బోర్డుకు క్లోన్ (నకలు), దాని సిగ్నళ్ల ప్రకారం మోటార్లకు కరెంటు ఇచ్చే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, రెండు ఐఆర్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) సెన్సర్ మాడ్యూళ్లు, బీఓ మోటార్లనే పసుపు రంగు చిన్న గేరు మోటార్లు రెండు, వాటికి చక్రాలు, ముందువైపు క్యాస్టర్ చక్రం, యాక్రిలిక్ ఛాసిస్, జంపర్ వైర్లు, యూఎస్‌బీ కేబుల్, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్ ఉంటాయి.

బోర్డు క్లోన్ అని జంకక్కర్లేదు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మొదలైన ఆర్డుయినో డిజైన్లు ఓపెన్ సోర్స్, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. క్లోన్‌లోనూ ఉండేది అదే ఏటీమెగా328పీ చిప్. 16 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల ప్రోగ్రామ్ మెమరీ ఈ పనికి కావలసిన దానికంటే ఎక్కువే. తేడా యూఎస్‌బీ దగ్గర వస్తుంది. క్లోన్లలో ఎక్కువగా సీహెచ్340 చిప్ వాడతారు కాబట్టి కంప్యూటర్‌లో పోర్టు కనిపించకపోతే ఆ చిప్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేయాలి. అయినా కనిపించకపోతే కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరాని కేబుళ్లు చాలా తిరుగుతుంటాయి. 0, 1 పిన్నులకు ఏదైనా వైరు తగిలించి ఉన్నా అప్‌లోడ్ విఫలం కావచ్చు, ఎందుకంటే కంప్యూటర్‌తో మాట్లాడేది ఆ రెండు పిన్నులే.

ఇక బ్యాటరీ. పొగ డిటెక్టర్‌లోనూ మల్టీమీటర్‌లోనూ వేసే దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ కొన్ని మిల్లీఆంపియర్లు చాలా కాలం ఇవ్వడానికి తయారైంది. దాని అంతర్నిరోధం (లోపలే కరెంటుకు పడే అడ్డు) ఎక్కువ. రెండు మోటార్లు ఒకేసారి కదలబోయే క్షణంలో అడిగే కరెంటు మామూలుగా తిరుగుతున్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ క్షణంలో వోల్టేజీ కూలిపోతుంది, ఆర్డుయినో రీసెట్ అవుతుంది, మోటార్లు ఆగుతాయి. వోల్టేజీ తిరిగి లేచాక ప్రోగ్రామ్ మొదటి నుంచి మొదలై మళ్లీ అదే జరుగుతుంది. బండి కుదుపులతో కదిలి ఆగుతుంటే విద్యార్థులు తప్పు కోడ్‌లో ఉందనుకుని రాత్రంతా దాన్నే తిరగరాస్తారు. మల్టీమీటర్ ముళ్లు మోటార్ డ్రైవర్ పవర్ టెర్మినళ్ల మీద పెట్టి, మోటార్ కదిలేటప్పుడు అంకె ఎంత పడుతోందో చూస్తే రోగం బయటపడుతుంది.

దాని బదులు రెండు 18650 లిథియం సెల్స్‌ను హోల్డర్‌లో సిరీస్‌గా, అంటే ఒకదాని ప్లస్ మరోదాని మైనస్‌కు కలిసేలా, పెట్టండి. నామమాత్రంగా 7.4 వోల్టులు, పూర్తిగా చార్జ్ అయితే 8.4. ఎల్298ఎన్ పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్ల డ్రైవర్, సుమారు 2 వోల్టులు తానే తినేస్తుంది. మోటార్లకు చేరేది అయిదున్నర, ఆరు వోల్టులు. బీఓ మోటార్లు 3 నుంచి 6 వోల్టులవి కాబట్టి లెక్క చక్కగా సరిపోతుంది. హోల్డర్ ప్లస్ వైరును డ్రైవర్ మీద 12 వోల్టులని రాసి ఉన్న టెర్మినల్‌కూ ఆర్డుయినోకు కరెంటు అందే విన్ (VIN) పిన్నుకూ కలపండి. మైనస్‌ను రెండింటి గ్రౌండ్‌కూ కలపండి. ఈ ఉమ్మడి గ్రౌండ్ మరిచిపోతే సిగ్నళ్లకు ఆధారం ఉండదు, మోటార్లు ఇష్టమొచ్చినట్టు ప్రవర్తిస్తాయి. సెల్స్‌ను లిథియం చార్జర్‌లోనే చార్జ్ చేయాలి. ఒక్కోటి 3 వోల్టుల కిందికి దిగనివ్వకండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి తీసిన సెల్స్ జోలికి అసలు పోకండి. రెండూ కలిపి 90 గ్రాముల దాకా బరువుంటాయి కనుక హోల్డర్‌ను వెనక చక్రాల ఇరుసు మీదికి వచ్చేలా బిగిస్తే చక్రాలకు పట్టు దొరుకుతుంది.

డ్రైవర్‌లో ఇంకో చిక్కు: ఈఎన్‌ఏ, ఈఎన్‌బీ అన్న చోట్ల చిన్న జంపర్ టోపీలు ఉంటాయి. అవి ఉన్నంతసేపూ మోటార్లు పూర్తి వేగంతోనే తిరుగుతాయి, కోడ్‌లో వేగం ఎంత తగ్గించినా ఫలితం ఉండదు. రెండు టోపీలూ తీసి, మోటార్ల దిశను చెప్పే ఐఎన్ పిన్నుల వరసలోనే ఉన్న ఈఎన్‌ఏ, ఈఎన్‌బీ పిన్నులను ఆర్డుయినో 5, 6 పిన్నులకు కలపండి. పక్క వరసలోవి 5 వోల్టుల పిన్నులు, వాటిని ముట్టుకోకండి. ఐఎన్ పిన్నులు నాలుగూ 8 నుంచి 11 వరకు, సెన్సర్లు 2, 3కు. కోడ్‌లో వేగాన్ని 0 నుంచి 255 వరకు అంకెతో చెబుతాం, 120 దగ్గర మొదలుపెట్టి చూడండి. మరీ తగ్గిస్తే బీఓ మోటార్ తిరగకుండా కీచుమని మూలుగుతుంది. ఒకే పెట్టెలో వచ్చిన రెండు మోటార్లు కూడా ఒకే వేగంతో తిరగవు. బండి ఒక పక్కకే లాగుతుంటే వేగంగా ఉన్నదాని విలువను అయిదేసి చొప్పున తగ్గించుకుంటూ రండి.

సెన్సర్ మాడ్యూల్ మీద ఐఆర్ ఎల్‌ఈడీ, ఫోటోడయోడ్, ఎల్‌ఎం393 కంపారేటర్ (రెండు వోల్టేజీలను పోల్చే చిప్), తిప్పి సర్దుబాటు చేసే నీలం రంగు పొటెన్షియోమీటర్ ఉంటాయి. తెలుపు మీద వెలుతురు తిరిగొస్తుంది, నలుపు దాన్ని పీల్చుకుంటుంది. చాలా మాడ్యూళ్లలో అవుట్‌పుట్ తెలుపు మీద ‘లో’ (LOW), నలుపు మీద ‘హై’ (HIGH). నేల నుంచి 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో బిగించి, చార్టు తెలుపు మీద మాడ్యూల్ లైటు వెలిగేలా, టేపు మీద ఆరేలా పొటెన్షియోమీటర్ తిప్పాలి. ఈ సర్దుబాటు ప్రదర్శన జరిగే హాల్లోనే చేయాలి. కిటికీలోంచి పడే ఎండలో ఐఆర్ దండిగా ఉంటుంది కాబట్టి ఇంట్లో చక్కగా పనిచేసిన బండి అక్కడ గుడ్డిదైపోతుంది. సెన్సర్ల చుట్టూ నల్ల కాగితంతో అంచు కడితే చాలావరకు అదుపులోకి వస్తుంది.

ట్రాక్ విషయంలో మార్కర్‌తో గీసిన గీతను నమ్మొద్దు. కొన్ని నల్ల ఇంకులు కంటికి నల్లగా ఉన్నా ఐఆర్‌ను పీల్చుకోవు, సెన్సర్‌కు అవి తెలుపే. మెరుపు తక్కువగా ఉన్న నల్ల ఇన్సులేషన్ టేపు మంచిది. ఫ్లెక్సీ మీద ముద్రించిన ట్రాక్ మెరుస్తుంది, వీలైతే వద్దు. ఐఆర్ ఎల్‌ఈడీ వెలుగుతోందా లేదా అన్న అనుమానం వస్తే ఫోన్ ముందు కెమెరాలో చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది.

కిట్ అసలు లోటు సెన్సర్ల నాణ్యతలో లేదు, సంఖ్యలో ఉంది. టేపుకు చెరో పక్క ఒక సెన్సర్ ఉంటే, రెండూ తెలుపు చూపిస్తే ముందుకు పోవాలి. ఎడమది నలుపు చూస్తే ఎడమకు, కుడిది చూస్తే కుడికి తిరగాలి. రెండూ నలుపైతే ఆగాలి. వంపులు మెల్లగా ఉన్నంతవరకు ఇది బాగానే నడుస్తుంది. పదునైన మలుపులో బండి టేపును దాటేసిందంటే అప్పుడు కూడా రెండు సెన్సర్లూ తెలుపే చూపిస్తాయి. సరిగ్గా గీత మీద ఉన్నానా, గీత తప్పానా అన్న సంగతి బండికి తెలిసే మార్గమే లేదు, తిన్నగా బల్ల అంచు దాకా పోతుంది. మధ్యలో మూడో సెన్సర్ పెడితే ఈ అయోమయం తీరుతుంది. మూడూ తెలుపైతే గీత తప్పినట్టు, చివరిసారి నలుపు చూసిన పక్కకు తిరగమని కోడ్‌లో గుర్తు పెట్టుకుంటే చాలు. కోడ్‌లో ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపే డిలే ఆదేశం వాడకండి. ఆగిన ఆ కాసేపూ సెన్సర్లను ఎవరూ చదవరు.

చిన్న చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. యాక్రిలిక్ స్క్రూ కాస్త గట్టిగా బిగిస్తే పగులుతుంది, వాషర్ వేయండి. మోటార్ల రాగి రేకులు బలహీనం. వైర్లు టంకం వేశాక కొంచెం హాట్ గ్లూ పెట్టకపోతే రెండు లాగుల్లో ఊడొస్తాయి. ఆ రేకుల మధ్యే 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఒకటి టంకం వేస్తే మోటార్ల విద్యుత్ గోల తగ్గుతుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూలైతే ఈ పనులు అక్కడే చేసుకోవచ్చు.

బిగించి, కోడ్ ఎక్కించి సిద్ధంగా అమ్మే బండ్లు కూడా దొరుకుతాయి. వాటికి డబ్బు పెట్టకండి. వైవాలో డ్రైవర్‌లోని హెచ్ బ్రిడ్జ్ సర్క్యూట్ మోటార్ దిశను ఎలా మారుస్తుంది, కంపారేటర్ ఏం పోలుస్తుంది అని అడిగినప్పుడు, చేతులతో బిగించి చూసిన పిల్లలే జవాబు చెప్పగలరు.

విడిగా కొనే ఓపిక ఉంటే ఎల్298ఎన్ బదులు టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ డ్రైవర్ తీసుకోండి. మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్లతో చేసింది కనుక వోల్టేజీ నష్టం చాలా తక్కువ, వేడెక్కడమూ తక్కువే. అయితే సగటున 1.2 ఆంపియర్లే ఇస్తుంది, బీఓ మోటార్లకు సరిపోతుంది గానీ పెద్ద మోటార్లకు కాదు. ఇక మోటార్లకు చేరే వోల్టేజీ కూడా పెరుగుతుంది కనుక కోడ్‌లో వేగం విలువలు కొంత తగ్గించుకోవాలి. కిట్టే కొంటుంటే, దుకాణంలో 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్ తీసేసి 18650 హోల్డర్, ఒక స్విచ్, మూడో ఐఆర్ సెన్సర్ కలిపి ఇమ్మని అడగండి.