స్టాఫ్నే గుంటల నిర్ధారణకు సీబీసీటీ: చాలాకాలం వాడాక

ఓపీజీలో (దవడలు, పళ్లు మొత్తం ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే) కింది దవడ మూల దగ్గర, నరం కాలువకు దిగువన, చుట్టూ తెల్లటి అంచుతో కోలగా ఓ నల్ల మచ్చ. నొప్పి, వాపు ఏమీ ఉండవు. చూడగానే తిత్తి అనిపిస్తుంది. కానీ ఆ చోట ముందు తలచుకోవాల్సింది 1942లో దంతవైద్యుడు ఎడ్వర్డ్ స్టాఫ్నే 35 కేసులతో వివరించిన గుంటనే. ఎముక నాలుక వైపు నుంచి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, అంతే. అందులో లాలాజల గ్రంథి ముక్కో, కొవ్వో ఉంటుంది. మధ్యవయసు దాటిన మగవాళ్లలో ఎక్కువ.

ఆకారం తేల్చడంలో సీబీసీటీకి (దవడను త్రీడీలో చూపే కోన్ బీమ్ సీటీ స్కాన్) పూర్తి మార్కులు. 1 మి.మీ. క్రాస్ సెక్షన్లు వరుసగా చూస్తే గుంట నాలుక వైపు తెరుచుకుని, చెంప వైపు కార్టెక్స్ (ఎముక బయటి గట్టి పొర) చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కెరటోసిస్ట్ (దవడ తిత్తి), అమెలోబ్లాస్టోమా (దవడ కణితి) అయితే పుట్టేది ఎముక లోపలే. పెరిగేకొద్దీ గోడను పలచబరుస్తాయి, ఉబ్బించనూ వచ్చు.

స్కాన్ మళ్లీ తీయాల్సి వచ్చేది ఎక్కువగా ఫీల్డ్ (స్కాన్‌లో పడే ప్రాంతం) వల్లే. 5×5 సెం.మీ. ఫీల్డును అలవాటుగా పంటి మీద కేంద్రీకరిస్తే దవడ కింది అంచు తెగిపోతుంది, చూడాల్సిన గుంట అక్కడే ఉంటుంది! ఎక్స్‌పోజర్‌కి ముందే స్కౌట్ చిత్రంలో (స్కాన్‌కు ముందు చోటు సరిచూసుకునే బొమ్మ) కింది అంచు పూర్తిగా పడిందో లేదో చూసుకోవాలి. వాక్సెల్ (త్రీడీ బొమ్మలోని అతి చిన్న గడి) 0.2 నుంచి 0.3 మి.మీ. చాలు. 0.1కి దిగితే డోసు, సమయం పెరిగి, మనిషి కదిలి బొమ్మ చెదరడం తప్ప లాభం లేదు.

లోపల ఏముందో చెప్పడంలో మాత్రం దాదాపు సున్నా. సీబీసీటీ గ్రే విలువలు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (మామూలు సీటీలో కణజాలం సాంద్రతకు కొలత) కావు. వాటిని కొలిచి "కొవ్వే" అని రిపోర్టులో రాయకూడదు. అనుమానం మిగిలితే ఎమ్మారై తీయించాలి. గుంటలోని సిగ్నల్ పక్కనున్న గ్రంథితోనో కొవ్వుతోనో కలిసిపోతే బయాప్సీ అక్కర్లేదు.

అసలు తికమక ముందు పళ్ల కింద వచ్చే రకంతో. మైలోహయాయిడ్ కండరానికి (నోటి అడుగున ఉండే కండరం) పైన, వేర్ల కొనల మీద పడి, చీము గడ్డలా కనిపిస్తుంది. పల్ప్ (పంటి లోపల నరం, రక్తనాళాలుండే మెత్తని భాగం) బతికున్న పళ్లకు అనవసరంగా రూట్ కెనాల్ జరిగేది ఇక్కడే. స్కాన్ కంటే ముందు కోల్డ్ టెస్ట్ (పంటికి చల్లదనం తగిలించి పల్ప్ బతికుందో చూడటం) చేయాలి, ఖర్చు లేని పని.

ఫాలో అప్‌కి ప్రతిసారీ సీబీసీటీ వద్దు, ఓపీజీ సరిపోతుంది. చెంప వైపు ఎముక ఉబ్బినా, పెదవి మొద్దుబారినా స్టాఫ్నే అన్న మాట పక్కన పెట్టి వెంటనే బయాప్సీ గురించి ఆలోచించాలి.