యాభై డాలర్ల బీమన్ పి17: గురి నేర్చుకోవడానికి సరిపోతుందా?

ముందే చెప్పేస్తున్నా, సరిపోతుంది. టార్గెట్ షూటింగ్ అంటే సరదా ఉంది, కానీ అది మనకు పడుతుందో లేదో తెలియకుండా వేలకు వేలు పోయడం ఎందుకు అని వెనకాడుతున్న వాళ్ళకి అమెరికాలో ఈ ధరకి ఇంత పనికొచ్చే ఎయిర్ పిస్టల్ ఇంకోటి నాకు కనబడలేదు. దీనికీ కొన్ని జబ్బులున్నాయి. అవి తెలిసి కొంటే తర్వాత తిట్టుకోనక్కర్లేదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం కొట్టి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకోటి తెచ్చిందా, అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా పిస్టల్ పట్టుకుని నిలబడిందా, ఇక మా ఇంట్లో హైస్కూల్ చదివే పిల్ల నాకూ కావాలంది. సరే చూద్దామని వెతికితే, వాళ్ళ స్థాయి వాళ్ళు వాడే మొరీని, స్టెయిర్ లాంటి కంపెనీల పిస్టళ్ళు రెండు వేల డాలర్లకి అటూ ఇటూగా ఉన్నాయి. సరదాకి అంత పెట్టలేం కదా. అలా వెతగ్గా వెతగ్గా దీని దగ్గర ఆగాం. రేటు యాభై డాలర్ల చుట్టూ తిరుగుతూ ఉంటుంది, ఒక్కోసారి కాస్త తగ్గుతుంది కూడా.

బీమన్ అనేది పేరుకి అమెరికన్ బ్రాండే, పి17 మాత్రం చైనాలో తయారై వస్తుంది. డిజైన్ జర్మనీది. అక్కడ వైరాఖ్ కంపెనీ హెచ్‌డబ్ల్యూ40 అని ఒక పిస్టల్ చేస్తుంది, దాన్నే ఇక్కడ బీమన్ పి3 పేరుతో అమ్మారు. పి17 దాని చైనా కాపీ. రెండూ పక్కపక్కన పెడితే చటుక్కున తేడా చెప్పలేం, రేటు తేడా మాత్రం నాలుగైదు రెట్లు. జర్మన్‌దాంట్లో ఫినిషింగ్ బాగుంటుంది, గాలి బయటికి పోకుండా ఆపే సీళ్ళు ఎక్కువకాలం మన్నుతాయి. నేర్చుకునే రోజుల్లో కాగితం మీద పడే చిల్లుల్లో అంత తేడా రాదు, ఎందుకంటే ఆ దశలో వణికేది మన చెయ్యే గాని బ్యారెల్ కాదు.

ఇది సింగిల్ స్ట్రోక్ న్యూమాటిక్. అంటే గ్యాస్ సిలిండర్లూ బ్యాటరీలూ ఏమీ లేవు, ప్రతి షాట్‌కీ మన చేత్తోనే ఒక్కసారి గాలి నొక్కాలి. వెనక హ్యామర్‌లా కనిపించేదాన్ని బొటనవేలితో లాగితే పైభాగం పట్టు వదిలి, వెనక కొస పైకి లేచి, ముందుకు తిరుగుతుంది. బ్యారెల్ కూడా దాంతోపాటే లేస్తుంది. పెల్లెట్‌ని, అంటే చిన్న సీసం గుండుని, బ్యారెల్ వెనక రంధ్రంలో పెట్టి, అంచు బయటికి పొడుచుకు రాకుండా బొటనవేలితో అదిమి, మళ్ళీ మూసేయాలి. కథంతా ఈ మూయడంలోనే ఉంది. మొదట తేలిగ్గానే వస్తుంది, చివరి రెండంగుళాల్లో మొరాయిస్తుంది. లోపల గాలి నొక్కుకుపోయేది అక్కడే మరి. పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కుదామంటే సరిగ్గా అక్కడే వెనక సైట్, అంటే గురి చూసుకునే గాడి, ఉంటుంది, దాని మూలలు అరచేతిలో దిగుతాయి. నేనైతే పాత చేతి రుమాలు మడిచి అడ్డం పెట్టుకుంటున్నా. మా అమ్మాయి సైట్‌కి కాస్త ముందు పట్టుకుని, పిస్టల్‌ని పొట్టకి దగ్గరగా తెచ్చుకుని, రెండు చేతులూ కలిపి మూస్తుంది, బ్యారెల్ మూతి మాత్రం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని మొదటిరోజే గట్టిగా చెప్పాను. మూసేటప్పుడు మధ్యలో వేలు పడితే నలుగుతుంది, అదీ చూసుకోవాలి. పదేళ్ళ పిల్లలకి కొనాలనుకుంటే మాత్రం వద్దనే చెప్తాను, ఓ పది షాట్లయ్యేసరికి చేతులు పీకేసి విసిగిపోతారు.

ఈ శ్రమకి దక్కే ప్రతిఫలం ఏమిటంటే, ప్రతిసారీ ఒకే కొలత గాలి. ఇదే ధరలో దొరికే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) పిస్టళ్ళకి సిలిండర్ల ఖర్చు ఒకటి, పైగా చలికాలం గ్యారేజ్‌లో ఒత్తిడి పడిపోయి గుండు కిందకి దిగుతుంది, వరసగా గబగబా కాల్చినా అంతే. చాలావరకు అవి అసలు తుపాకీలా కనిపించాలని చేసినవి, లోపల నున్నటి బ్యారెల్, అందులో స్టీల్ బీబీలు, అంటే చిన్న గుండ్రటి గోళీలు. అవి గట్టిదానికి తగిలితే వెనక్కి ఎగిరొస్తాయి. అవి డబ్బాలు పడగొట్టే ఆటకి బాగుంటాయేమో గాని గురి నేర్పవు. పి17 బ్యారెల్లో మెలి గాడులుంటాయి, కాబట్టి ఇందులో సీసం పెల్లెట్లే వాడాలి, బీబీలు పెట్టి పాడు చేసుకోకండి.

కంపెనీ చెప్పే వేగం సెకనుకి 410 అడుగులు. 7 గ్రెయిన్ల (అర గ్రాముకి కాస్త తక్కువ) బరువున్న పెల్లెట్‌కి లెక్కేస్తే గుండు శక్తి సుమారు మూడున్నర జౌళ్ళని తేలుతుంది, అంటే చాలా తక్కువ. పది మీటర్ల కాగితానికి అది చాలు. పిట్టల మీదా ఉడతల మీదా ప్రయోగాలు చేద్దామనుకునే వాళ్ళు దయచేసి దీని జోలికి రాకండి. అలాగని బొమ్మ కూడా కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. మా గ్యారేజ్‌లో కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఎవరూ గీత దాటి రాకూడదు, మా ఆవిడతో సహా.

కాల్చడం ఎలా ఉంటుందంటే, హాయిగా ఉంటుంది. స్ప్రింగ్ పిస్టళ్ళలా లోపల ఏదో దభీమని కదిలి చేతిని కుదిపేయడం ఉండదు, టప్ మని చిన్న చప్పుడు, అంతే. పిస్టల్ కదలదు కాబట్టి ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో మనం ఏం చేశామో కాగితం మీద అచ్చంగా కనబడుతుంది. కుడిచేతి వాళ్ళకి చిల్లులన్నీ కింద ఎడమ వైపు గుంపుగా పడుతున్నాయంటే ట్రిగ్గర్‌ని లాగేస్తున్నారని అర్థం, మెల్లగా నొక్కడం నేర్చుకోవాలి. ట్రిగ్గర్ ఈ రేటుకి ఆశ్చర్యంగా బాగుంది. మొదట కాస్త వదులుగా వచ్చి, ఒకచోట ఆగినట్టు తెలిసి, అక్కడినుంచి కొద్దిపాటి ఒత్తిడికే వదిలేస్తుంది. చేతిపిడి ఏ చేతికైనా సరిపోయేలా ఉంది, అందువల్లే ఎవరి చేతికీ అతికినట్టుండదు. మ్యాచ్ పిస్టళ్ళకుండే చెక్క పిడిలాగా అరచేతిని పట్టుకోదు.

నాకు నచ్చనిది సైట్లు. మెరిసే ఫైబర్ చుక్కలు పెట్టారు, షాపులో చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ పది మీటర్ల టార్గెట్‌లో నల్ల వలయం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల గుండ్రం 11.5 మిల్లీమీటర్లే. అంత చిన్నదాని ముందు ఈ మెరిసే చుక్క చింతగింజంత అయి కూర్చుంటుంది, కన్ను దానివైపే పోతుంది. దీనికి మందు ఒక నల్ల మార్కర్. చుక్కల మీద పూసేయండి, ముందు సైట్ వెనక గాడిలో నల్లగా, చదరంగా కనబడుతుంది. ఆ తర్వాత నల్ల వలయం మధ్యకి కాకుండా దాని కిందున్న తెల్లటి జాగాలో గురిపెట్టి, గుండు మధ్యలో పడేలా వెనక సైట్‌ని సర్దుకుంటే సరి. పైకీ కిందకీ, పక్కలకీ సర్దే స్క్రూలు రెండూ ఉన్నాయి. చూపు ముందు సైట్ మీదే నిలపాలి, టార్గెట్ మసకగా కనబడితే కనబడనివ్వండి. ఈ ఒక్కటి అలవాటు కావడానికి మా ఇంట్లో నాకే ఎక్కువ టైం పట్టింది, ప్రోగ్రెసివ్ అద్దాల పుణ్యమా అని.

ఇక అసలు జబ్బు. పి17 వాడేవాళ్ళందరూ చెప్పుకునేదే, కొంతకాలానికి లోపలి ఓ-రింగులు, అంటే గాలిని ఆపే రబ్బరు వలయాలు, లీకవుతాయి. మూసిన వెంటనే కాలిస్తే పర్వాలేదుగాని కాస్త ఆగితే గాలి జారిపోయి, గుండు నీరసంగా వెళ్ళి టార్గెట్ కింద అట్టకి తగులుతుంది. రింగుల ఖరీదు తక్కువే, సిలికోన్ గ్రీజు కాస్త రాసి మార్చేసుకోవచ్చు, విప్పే పద్ధతి చూపించే వీడియోలు కూడా బోలెడున్నాయి. స్క్రూడ్రైవర్ పడితే భయం లేనివాళ్ళకి ఇది సమస్యే కాదు. అలాంటివి నా వల్ల కాదు అనుకునేవాళ్ళు నాలుగు రెట్లు పెట్టి జర్మన్‌దే కొనుక్కోండి. గాలి నింపి అలాగే వదిలేసి పక్కన పెట్టకండి, సీళ్ళు తొందరగా పోయేది అలాగే, పైగా ప్రమాదం.

పెల్లెట్లు ముందు భాగం చదునుగా ఉండేవే తీసుకోండి, వాటినే వాడ్‌కటర్లంటారు. కాగితంలో పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లు పడుతుంది, స్కోరు లెక్కపెట్టడం తేలిక. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ 7 గ్రెయిన్లది దీనికి బాగా కుదిరింది. నేను ఆర్డరిచ్చిన ఆన్‌లైన్ దుకాణం వాడు మొదటిసారి మొన ఉన్నవి పంపాడు, తిరిగి పంపడానికి అడిగితే పదిరోజులు తిప్పి చివరికి సగం డబ్బులిచ్చాడు, డబ్బా వచ్చాక మూత మీద బొమ్మ చూసుకునే విప్పండి. అవి సీసం కాబట్టి కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మధ్యలో చిప్స్ తినడాలు వద్దు. వెనకాల గుండు ఆపడానికి మందపాటి చెక్కపెట్టెలో ఎలక్ట్రీషియన్లు వాడే డక్ట్ సీల్ ముద్ద పరిచాను, పెల్లెట్ అందులో దిగబడి ఉండిపోతుంది.

పోటీలకి ఇది పనికిరాదు. అక్కడ 75 నిమిషాల్లో 60 షాట్లు ఒంటిచేత్తో కాల్చాలి, దీన్ని అన్నిసార్లు మూసేసరికి భుజం చచ్చుబడుతుంది. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్, చూపు, ఈ నాలుగూ ఇంట్లో కుదిరాయా, అప్పుడు దగ్గర్లో క్లబ్బులో చేరి వాళ్ళ పిస్టల్‌తో కాల్చి చూడండి.

మేమున్నది టెక్సస్ కాబట్టి కొనడంలో పెద్ద తలనొప్పి లేదు, బయట యార్డులో కాల్చాలంటే మాత్రం మీ సిటీ రూల్స్ చూసుకోవాలి. న్యూజెర్సీ వాళ్ళు ఆర్డర్ కొట్టేముందు ఆగండి, అక్కడి చట్టంలో ఎయిర్ పిస్టల్ కూడా తుపాకీ కిందే లెక్క, పర్మిట్ కావాలి.

హైదరాబాద్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, ఈసారి వచ్చేటప్పుడు అదొకటి సూట్‌కేసులో పడెయ్" అన్నాడు. ఇండియాలో 0.177 క్యాలిబర్ (బ్యారెల్ రంధ్రం అంగుళాల్లో), 20 జౌళ్ళ లోపు ఎయిర్ పిస్టల్ కొనడానికి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ దిగుమతి సంగతి వేరు, కస్టమ్స్ దగ్గర పట్టుకుంటే లైసెన్స్ అక్కర్లేదు సార్ అంటే వినరు. వద్దురా, అక్కడే డీలర్ దగ్గర ఐడీ ఇచ్చి ఇండియాలో తయారైనదేదో కొనుక్కో, అంతకంటే ముందు ఏదైనా రేంజ్‌కి వెళ్ళి నాలుగు రోజులు వాళ్ళది పట్టుకుని చూడు అన్నాను. అలిగాడు.