మినాంగ్ రిడ్జ్: మూడుసార్లు నడిచాక

అమెరికాలో లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవికి 2018 నుంచి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ నడిచింది మినాంగ్ రిడ్జ్ ట్రెయిలే, అంటే కొండగట్టు మీదుగా సాగే కాలిబాట. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వేలు ఆ దీవిని పిలుచుకునే పేరే మినాంగ్.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మైళ్ళు లెక్కేసుకుని ప్లాన్ చేయకండి. ఒడ్డున ఉన్న గ్రాండ్ పోర్టేజ్‌లో బోటెక్కి దీవిలోని విండిగో రేవులో దిగితే, అక్కణ్ణించి నార్త్ లేక్ డెసోర్ క్యాంపు 12.6 మైళ్ళు. సాయంత్రం నాలుగింటికల్లా చేరిపోతాం అనుకున్నాం. చేరేసరికి ఎనిమిది దాటింది. గట్టు ఎక్కడం, బురదలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం, రోజంతా ఇదే వరస. పైన బండల మీద బాట కనబడదు, చిన్న చిన్న రాళ్ళ గుట్టలే గుర్తులు. వెలుగు తగ్గాక ఒక గుర్తు తప్పామంటే టెన్షన్ మొదలవుతుంది. మాకు అరగంట అలాగే పోయింది.

బీవర్లు (పుల్లలతో నీటికి అడ్డుకట్ట కట్టే జంతువులు) కట్టిన కట్ట మీదుగా దాటడం అలవాటు కావడానికి నాకు రెండు ట్రిప్పులు పట్టింది. ఒక పక్క నల్లటి నీళ్ళు పాదాల దాకా నిండి ఉంటాయి, రెండో పక్క పల్లంలో బురద. బెరడు ఒలిచేసిన పుల్లలు తడిసి జారతాయి. బ్యాగు నడుం బెల్టు విప్పుకోండి, పడితే బ్యాగు వదిలించుకోవచ్చు. కర్రతో పొడిచి చూసి, కదలని చోటే అడుగు వేయండి.

క్యాంపుకీ క్యాంపుకీ మధ్య గట్టు మీద నీళ్ళు దొరకవు. మొదటిసారి రెండు లీటర్లు మధ్యాహ్నానికే అయిపోయాయి, ఇప్పుడు మూడున్నర మోస్తాను. చెరువు నీళ్ళలో బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు. వాటికి మాత్రలు, యూవీ లైటు నమ్ముకోకూడదు. 0.4 మైక్రాన్ లేదా అంతకన్నా సన్నటి రంధ్రాలున్న ఫిల్టర్ కావాలి, లేదంటే మరగబెట్టాలి. రెండో ట్రిప్పులో నా ఫిల్టర్ మధ్యలోనే పూడుకుపోయింది. అప్పుడు ఆదుకుంది స్టవ్వే, అందుకే గ్యాస్ ఒక డబ్బా ఎక్కువే పెట్టుకుంటాను.

తిండికి వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. మొదటిసారి 17 కిలోలున్న బ్యాగు మూడోసారికి 12కి తగ్గింది. మోకాళ్ళకి ఆ తేడా బాగా తెలిసింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు దీవి మొత్తానికి రెండే తోడేళ్ళు మిగిలాయి. ఆ తర్వాత ఏడాదిలో బయటి నుంచి 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. మూడోసారి ఆ దారిలోనే ఉన్న టాడ్ హార్బర్ క్యాంపులో పడుకున్న రాత్రి వాటి ఊళ విన్నాను. ముందు ఒకటి, తర్వాత దూరంగా ఇంకో రెండు.

మళ్ళీ వెళ్తే ఆగస్టు ఆఖర్లోనే, దోమలు తగ్గాక. ఈసారి మూడు రోజులు కాదు, ఐదు.