వార్నింగ్ పోయిందని చూపిస్తే డబ్బులు ఇచ్చేయకండి

మెయిన్ రోడ్డు మీది ఆ కంప్యూటర్ సర్వీస్ షాపు గురించే. పేరు రాయను, అక్కడ ఇచ్చినవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది. మా పాత డెస్క్‌టాప్‌కి రెండు రోగాలు: గూగుల్‌లో ఏం కొట్టినా ఎవడిదో సెర్చ్ పేజీకి తిప్పేస్తోంది, బ్యాంకు సైటు తెరిస్తే 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అంటోంది. షాపువాడు 1,500 తీసుకుని, బిల్లు మీద 'వైరస్ క్లీనింగ్' అని రాసి, బ్యాంకు సైటు తెరిచి చూపించాడు. "చూశారా సార్, వార్నింగ్ పోయింది."

పోదా మరి! క్రోమ్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూస్తే, ఈఎక్స్ఈ పేరు తర్వాత 'ఇగ్నోర్ సర్టిఫికేట్ ఎర్రర్స్' అని తగిలించి ఉంది. సర్టిఫికేట్ అంటే ఆ సైటు అసలుదేనని చూపించే గుర్తింపు కార్డు లాంటిది. అంటే ఎవడు దొంగ సర్టిఫికేట్ చూపించినా క్రోమ్ నోరెత్తదు. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసి, దొంగ పోయాడని చెప్పడం ఇది. ఇలా తగిలిస్తే 'అన్‌సపోర్టెడ్ కమాండ్ లైన్ ఫ్లాగ్' అని క్రోమే పైన ఒక పట్టీ చూపిస్తుంది. మనకి చూపించే ముందే ఆ పట్టీని ఇంటూ నొక్కి మూసేశాడన్నమాట, మహానుభావుడు. అది చాలదన్నట్టు ప్రమాదకరమైన సైట్ల గురించి హెచ్చరించే క్రోమ్ సెట్టింగ్ సేఫ్ బ్రౌజింగ్‌ని కూడా 'నో ప్రొటెక్షన్'లో పెట్టాడు.

ఆ వార్నింగ్‌కి అసలు కారణం సిస్టమ్‌లో తప్పు తేదీ. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ పాత తేదీకి సైటు సర్టిఫికేట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే వార్నింగ్. వంద రూపాయలు కూడా కాని బ్యాటరీ. ప్లగ్గు తీసి మార్చి, విండోస్‌లో 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' ఆన్ చేస్తే సరి.

ఇక రీడైరెక్టు, అంటే సెర్చ్‌ని వేరే పేజీకి తిప్పేయడం. సిస్టమ్ ఆపి మళ్లీ వేయగానే తిరిగొచ్చింది. తీసుకెళ్లి అడిగితే, కౌంటర్ దగ్గర అంతమంది ముందు, తల కూడా ఎత్తకుండా అన్నాడు: "మీరు ఏయే సైట్లు చూస్తారో మాకేం తెలుసు సార్?" పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. పని చేయకపోగా, పదిమందిలో మనిషి మీద బురద! 1,500కి ఇది ఫ్రీ కాబోలు.

వాడు చేసిందల్లా డీఫాల్ట్ సెర్చ్‌ని గూగుల్‌కి మార్చడం. తిప్పుతున్నది ఎక్స్‌టెన్షన్, అంటే క్రోమ్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రామ్. క్రోమ్ మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉండి, ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటన్ పనిచేయకపోతే దాన్ని పాలసీతో, అంటే యూజర్ మార్చలేని సెట్టింగ్‌తో బిగించారని అర్థం. ముందు విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ని తేదీవారీగా పేర్చి, గొడవ మొదలైనప్పుడు దిగిన పీడీఎఫ్ కన్వర్టర్ లాంటివి తీసేయండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా, అదే మళ్లీ ఎక్కిస్తుంది. పనుల్ని వాటంతటవే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో కూడా దాని పేరుతో ఏమైనా ఉందేమో చూడండి. తర్వాత ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ వేసి దాని 32 అక్షరాల ఐడీ రాసుకోండి. విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే రెజిస్ట్రీలో (రెజ్‌ఎడిట్‌తో తెరవాలి) లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకూ వెళ్తే 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' ఉంటుంది. అందులో అదే ఐడీ ఉన్న లైను తీసేయాలి. కరెంట్ యూజర్ కింద కూడా చూడండి. ఏదైనా తీసేసే ముందే దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి కాపీ దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ ఆ పాలసీ నిజంగానే కంపెనీది. చివర్లో క్రోమ్ రీసెట్.

షాపు నుంచి సిస్టమ్ తెచ్చుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు టార్గెట్ గడి, సేఫ్ బ్రౌజింగ్, తేదీ చూడండి, ఒకసారి ప్లగ్గు తీసి మళ్లీ వేయించండి. ఆ షార్ట్‌కట్‌తో బ్యాంకు సైటులోకి వెళ్లినవాళ్లు పాస్‌వర్డ్ ఫోన్ నుంచి మార్చుకోండి, ఖాతాలో తేడా కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.