డేలియా: దుంప నాటాలా, కొమ్మ గుచ్చాలా?

ఖర్చు: మంచి రకం దుంపకి డబ్బు పెట్టాల్సిందే. తల్లి మొక్క ఒక్కటుంటే కొమ్మలు ఉచితం. ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) చాలు.

శ్రమ: దుంపని మట్టిలో పెట్టి, మొలక కనిపించేదాకా నీళ్లు పొదుపుగా పోస్తే సరి. కొమ్మకే సేవలెక్కువ. మూడు నాలుగు అంగుళాల చిగురుని కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టాలి. కాడ లోపల గుల్లగా ఉంటే పక్కన పడేయండి, వేరు పట్టేలోపే కుళ్లిపోవచ్చు. బాగుంటే రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి.

రిస్క్: దుంప ఎంత లావున్నా, మెడ దగ్గర, అంటే కాడకి అంటుకునే చోట, కన్ను (మొలకొచ్చే మొగ్గ) లేకపోతే మొలవదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. కొమ్మకి మొదటి వారం ఎండ తగిలితే అంతే సంగతులు.

రంగు: రెండింట్లోనూ తల్లి మొక్క పువ్వు రంగే వస్తుంది. విత్తనాలకి ఆ గ్యారంటీ లేదు.

మొదటిసారి పెంచుతున్నా, రోజూ చూసే తీరిక లేకపోయినా దుంప కొనుక్కోండి. నచ్చిన రంగు ఇంట్లోనే ఉండి, నాలుగు కుండీలు నింపాలంటే కొమ్మలే మేలు. మన ఎండలకి మాత్రం అక్టోబర్ వైపు మొదలుపెట్టండి.