పటమట నుంచి సేవాగ్రామ్ దాకా

దేవుణ్ణి నమ్మకుండానే నీతిగా, నిండుగా బతకవచ్చని గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు కుటుంబం ఆచరించి చూపిన చోట్లను ఒకే ప్రయాణంలో చూడాలని చాలాకాలంగా అనుకుంటూ, పోయిన మాఘమాసంలో మా అమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. నాకు పూజల మీద నమ్మకం లేదు. ఆమె దీపం పెట్టనిదే మంచినీళ్లైనా ముట్టదు.

విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లాడ్జిలో దిగాము. నాస్తిక కేంద్రం ఉన్న పటమటకు దగ్గరన్న ఒక్క సౌకర్యం తప్ప దానిలో చెప్పుకోదగినదేమీ లేదు. రాత్రంతా లారీల హారన్లు, పొద్దున వేడినీళ్లు లేవు, అడిగితే పలికినవారూ లేరు. పెద్దవాళ్లతో వచ్చేవారు లోపలి వీధుల్లో గది చూసుకోవడం మేలు.

గోరా, సరస్వతీ గోరా దంపతులు నాస్తిక కేంద్రాన్ని 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభించి, 1947లో పటమటకు మార్చారు. వృక్షశాస్త్రం బోధించే గోరా తన నాస్తికత్వం వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అమ్మ మొదట సంకోచంగానే వచ్చింది. అయితే సరస్వతి గారు గర్భవతిగా ఉండి గ్రహణాన్ని బయటికి వచ్చి చూశారని నేను చెప్పినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, నేను కడుపులో ఉండగా తనను గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టిన సంగతి మొదటిసారి నాతో చెప్పింది. సహపంక్తి భోజనాలు, నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపడం, గోరా కోడలు హేమలతా లవణం గారు దేవత పేరిట అంకితం చేసిన జోగినుల కోసం చేసిన కృషి వింటున్నకొద్దీ, ఇక్కడ నాస్తికత్వమంటే దేవుణ్ణి కాదనడంతో ఆగిపోక, సాటి మనిషికి తానే జవాబుదారీ కావడమని నాకు తోచింది.

ముదునూరుకు ఉయ్యూరు మీదుగా వెళ్లాలి. వ్యవధి తక్కువైతే దీన్ని వదులుకోవచ్చు.

సేవాగ్రామ్‌కు రాత్రి రైలు ఎక్కాము. మహారాష్ట్రలో వార్ధా దగ్గరున్న ఆ ఊళ్లో గాంధీ ఆశ్రమానికి ఎదురుగా ఉన్న యాత్రీ నివాస్‌లో గది సాదాసీదాగా ఉన్నా శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. ఈ ప్రయాణం మొత్తంలో హాయిగా నిద్రపోయింది అక్కడే. గోరా పెద్ద కుమార్తె మనోరమకు, దళితుడైన అర్జునరావుకు పెళ్లి తానే జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చారు. పెళ్లి ప్రమాణంలో ‘దేవుని పేరిట’ అన్న చోట ‘సత్యం పేరిట’ అని మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. అంతలోనే ఆయన హత్యకు గురయ్యారు. 1948 మార్చి 13న ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. జీవితమంతా రామనామం జపించిన మనిషి ఒక నాస్తికుడి కోసం ఆ ఒక్క మాట మార్చుకోవడాన్ని తలచుకుంటూ బాపూ కుటీరం మట్టిగోడల మధ్య కూర్చున్నప్పుడు కలిగిన శాంతిని ఆధ్యాత్మికత అనడానికి నాకు అభ్యంతరం లేదు.

సాయంత్రం ప్రార్థనలో అమ్మ చేతులు జోడించింది, నేను పక్కనే ఊరికే కూర్చున్నాను. గదికి వస్తూ, “ఆ పెళ్లి ఎక్కడ జరిగిందో రేపు కనుక్కోరా, ఆ చోటు చూసి వెళ్దాం” అంది. అందుకోసమే తిరుగు టికెట్లను మరుసటి రోజుకు మార్చుకున్నాము.